తీగ గులాబీని మామగారు ఏటా మోకాలెత్తుకి కొట్టేస్తున్నారు, ఏం చెయ్యమంటారు?

హైదరాబాద్ శివార్లలో ఉండే ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పేరు, కాలనీ వెయ్యొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, సగం మొక్క గురించి, సగం ఇంట్లో మనుషుల గురించి, అందుకని కుదించి చెప్తున్నా.

నాలుగేళ్ల కింద కొత్తింట్లోకి వచ్చినప్పుడు ఆవిడ నర్సరీలో ఒక ఎర్ర తీగ గులాబీ కొనుక్కొచ్చి తూర్పు కాంపౌండ్ గోడకి ఆనించి లోపలి వైపు నాటారు. గోడ ఐదడుగులు. మొదటి చలికాలం ఆరేడు పూలు పూసింది, మంచి వాసన, వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నారు. ఆ తర్వాత అత్తగారు పోయారు, మామగారు ఊళ్లో ఇంటికి తాళం వేసి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. రిటైర్డ్ హెడ్మాస్టరు, ఊరికే కూర్చునే మనిషి కాదు, వచ్చిన నెలలోనే తోటంతా తన చేతిలోకి తీసుకున్నారు. ఇంటి ముందు ఎనిమిది మామూలు గులాబీ మొక్కలున్నాయి, ఆయన వచ్చాక అవి విరగబూస్తున్నాయి, కాలనీ వాళ్లు వచ్చి ఆయన్ని సలహాలు అడిగి వెళ్తున్నారట. ఆయన పద్ధతేంటంటే దసరా దాటిన వారంలో గులాబీలన్నిటినీ మోకాలెత్తుకి కత్తిరించేస్తారు, తీగ గులాబీతో సహా. వానాకాలంలో అది పదడుగులు పెరిగి గోడ దాటి పక్కింట్లోకి వెళ్తుంది, దసరా కాగానే మళ్లీ మోకాలెత్తు. మూడేళ్లుగా ఇదే వరస, మూడేళ్లుగా పూలు లేవు, ఉంటే ఒకటీ అరా.

పక్కింటావిడ పట్టుచీర ఆరేస్తే వీళ్ల కొమ్మ ముల్లు తగులుకుని చిరిగింది, ముళ్ల మొక్క ఇంటి ముందు ఉంటే వాస్తు ప్రకారం మంచిది కాదని ఆవిడ ఓ మాట కూడా అంది. ఈవిడ భర్తేమో "నాన్నకున్న కాలక్షేపం అదొక్కటే, మొక్క గురించి ఆయన్ని ఏమీ అనకు, కావాలంటే అది పీకేసి కాగితం పూల చెట్టు పెట్టుకో" అంటారు. ఈవిడ వీడియోలు చూసి బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కల నీళ్లు, వాడేసిన టీ పొడి, నెలకోసారి గుప్పెడు యూరియా వేస్తున్నారు. ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఈ వానాకాలం మొదట్లోంచి ఒక కొత్త కొమ్మ వచ్చిందట, లేత రంగు, చిన్న ఆకులు, మిగతా వాటికంటే జోరుగా పోతోంది.

"దసరా అయిపోయింది, మామయ్య గారు నిన్న కత్తెర సాన పట్టించుకొచ్చారు, ఆదివారం కత్తిరిస్తానన్నారు. ఆపాలా? ఎలా ఆపాలి? ఆపితే పూస్తుందని గ్యారంటీ ఉందా? లేకపోతే పీకేసి ఊరుకోవాలా?" ఇదీ ప్రశ్న. చివర్లో ఇంకో వాక్యం రాశారు, "ఈ ఇంట్లో ఏది కొన్నా ఇద్దరం ముగ్గురం అనుకుని కొన్నదే, నా ఇష్టానికి నేను తెచ్చుకున్నది ఇదొక్కటే, నవ్వుకోకండి" అని.

నవ్వుకోలేదండీ. ఆ వాక్యం గురించి తర్వాత మాట్లాడతా, ముందు మొక్క సంగతి, ఎందుకంటే ఆదివారం దగ్గర్లోనే ఉంది.

మీ మామగారు చేసే పని అసలు తప్పు పని కాదు. మన ప్రాంతంలో మామూలు గులాబీలకి అక్టోబరు నుంచి నవంబరు సగం దాకానే ప్రూనింగ్ టైము, వానలు వెనకబట్టి చలి మొదలయ్యే ముందు. కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూలు, అంటే డిసెంబరుకి తోట నిండుతుంది. పొద మొక్కలో కొత్తగా వచ్చిన చిగురు కొసనే మొగ్గ వేస్తుంది, కాబట్టి ఎంత కొత్త చిగురొస్తే అంత పువ్వు. ఆయన ఎనిమిది మొక్కలూ విరగబూస్తున్నాయంటే ఆయనకి ఆ పని బాగా వచ్చన్నమాటే. కాకపోతే తొమ్మిదోది వేరే జాతి. తీగ గులాబీ ముందు ఓపిగ్గా పొడుగు కొమ్మలు పెంచుకుంటుంది, ఆ కొమ్మలు ముదిరాక వాటి పక్కల నుంచి జానెడు మూరెడు చిన్న కొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువగా వచ్చేది ఆ పక్క కొమ్మల చివర్న. పొడుగు కొమ్మని మొదటికంటా కొట్టేస్తే పక్క కొమ్మ రావడానికి చోటే లేదు, అది మళ్లీ మొదట్నించి పొడుగు కొమ్మ పెంచుకునే పనిలో పడుతుంది, పెంచుకునేసరికి మళ్లీ దసరా. హెడ్మాస్టరు గారికి ఆయన భాషలోనే చెప్పాలంటే, ఏటా పరీక్షల ముందు పిల్లాణ్ణి తీసుకెళ్లి ఒకటో క్లాసులో కూర్చోబెట్టడం.

అందుకని మీ మొదటి ప్రశ్నకి సమాధానం, అవును, ఈ ఏడు పొడుగు కొమ్మలు ఉంచాలి. కానీ ఉంచితే చాలు పూసేస్తుంది అనుకుంటే అదీ పొరపాటే. చాలామంది కత్తిరించకుండా వదిలేసి, ఏడాది చూసి, ఇంకా పూలు రాలేదేంటని తిట్టుకుంటారు.

ఎందుకంటే గులాబీ నిజానికి తీగ కాదు. బీరకీ కాకరకీ ఉన్నట్టు దీనికి పట్టుకునే నులితీగలు లేవు, చిక్కుడులాగా కర్రకి చుట్టుకోదు. ముళ్లతో పక్క చెట్టు కొమ్మకి తగులుకుని పైకి పోవడమే దాని పద్ధతి. మన పెరట్లో దాన్ని మనమే కట్టాలి, ఆ కట్టడంలోనే పువ్వు ఉంది. కొమ్మ నిటారుగా పైకి ఉన్నంతసేపూ కొసన ఉన్న చిగురు ఆక్సిన్ అనే హార్మోన్ కిందకి పంపిస్తూ ఉంటుంది, అది కింద కళ్లని, అంటే కొమ్మ మీద చిగుళ్లు వచ్చే చోట్లని, నిద్రపుచ్చుతుంది, బలమంతా కొసకే పోతుంది. అదే కొమ్మని వంచి అడ్డంగా, నేలకి దాదాపు సమాంతరంగా కట్టారనుకోండి, కొస పెత్తనం తగ్గిపోయి కొమ్మ పొడుగునా ఉన్న కళ్లన్నీ మేలుకుంటాయి, ఒక్కో కంటి నుంచి ఒక్కో పక్క కొమ్మ, ఒక్కోదానికి పూలు. పదడుగుల కొమ్మ నిటారుగా ఉంటే కొసన ఒక గుత్తి, అడ్డంగా ఉంటే పొడుగునా గుత్తులు, తేడా అంత ఉంటుంది.

మీ మొక్కకి ఇంకో చిక్కు ఉంది. గోడ తూర్పున, మొక్క గోడకి ఇవతల. పొద్దుటి ఎండ గోడ అవతలి నుంచి వస్తోంది, మొక్క ఎండ ఉన్న వైపుకే పోతుంది, అందుకే కొమ్మలన్నీ పక్కింట్లోకి వంగుతున్నాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ వైపు తొమ్మిదిన్నర నుంచి రెండు దాటేదాకా ఎండ పడుతోంది, అంటే దాదాపు ఐదు గంటలు. ఆరు గంటలుంటే మంచిది, ఐదు కూడా ఫర్వాలేదు, పైగా మే నెలలో మూడింటి ఎండ తప్పుతోంది కాబట్టి హైదరాబాద్‌లో అది మేలే. చోటు మార్చాల్సినంత చెడ్డ చోటు కాదు.

ఇక ఆ లేత రంగు కొమ్మ. ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదే, మీరేమో రెండు లైన్లలో తేల్చేశారు. నర్సరీ గులాబీలు ఎక్కువ శాతం అంటు మొక్కలు. కింద వేరు ఒక మొండి జాతిది, మల్టీఫ్లోరానో ఇంకోటో, దానిమీద మనకి కావలసిన రకం కన్ను కడతారు. పై భాగాన్ని ఏటా మోకాలెత్తుకి కొడుతుంటే అది నీరసపడి కింద వేరు సొంత కొమ్మలు పంపడం మొదలుపెట్టొచ్చు. అలా వచ్చిన సక్కర్ తినేసేది పై మొక్క తిండే, రెండు మూడేళ్లకి పై రకం చచ్చిపోయి కింద జాతే మిగులుతుంది. "మా గులాబీ రంగు మారిపోయింది" అని చాలామంది అంటుంటారు కదా, చాలాసార్లు జరిగేది ఇదే. ఆకుల లెక్క పెట్టి పోల్చుకోమని కొందరు చెప్తారు, ఐదుంటే మనది ఏడుంటే అడవిది అని. దాన్ని పూర్తిగా నమ్మకండి, మంచి రకాలకి కూడా ఏడు ఆకులు వస్తాయి. నమ్మకమైన పద్ధతి ఒకటే, మొదట్లో మట్టి వేళ్లతో పక్కకి తీసి చూడండి, అంటు కట్టిన చోట ముడిలా లావుగా ఉంటుంది. ఆ కొమ్మ ముడికి పైనుంచి వస్తే అది బంగారం, తీగ గులాబీ కొత్త కొమ్మలు మొదట్లోంచే బలంగా వస్తాయి, లేతగా కూడా ఉంటాయి, పొరపాటున కూడా తీసెయ్యకండి. ముడికి కిందనుంచి, వేరులోంచి వస్తే మట్టి ఇంకాస్త తవ్వి, అది వేరుకి అతుక్కున్న చోట పట్టుకుని కిందకి లాగి పీకెయ్యండి. కత్తిరిస్తే ఒకటికి నాలుగొస్తాయి. ఈ పని ఆదివారం దాకా కూడా ఆగక్కర్లేదు, రేపు పొద్దున్నే చెయ్యండి.

ఒకవేళ అసలు ముడి పైన ఏమీ బతికి లేదు, ఉన్న కొమ్మలన్నీ కిందవే అని తేలితే మాత్రం మిగతా ఉత్తరం చదవడం ఆపేసి కొత్త మొక్క కొనుక్కోండి, ఎవరు ఎంత కట్టినా ఆ ఎర్ర పువ్వు రాదు. అలా అయి ఉండదనే అనుకుంటున్నా, పోయినేడు కూడా ఒకటీ అరా పూసింది అన్నారు కాబట్టి.

గ్యారంటీ అడిగారు. గ్యారంటీ లేదు. లేబుల్ ఊడిపోయింది, రకం పేరు తెలీదు, ఏడాదికి ఒక్కసారి పూసేదో మళ్లీ మళ్లీ పూసేదో చెప్పలేం. నర్సరీల్లో "క్లైంబింగ్" అని ముందు తగిలించి, తర్వాత మామూలు పొద గులాబీ పేరు ఉండే మొక్కలు కొన్ని ఉంటాయి, పొద మొక్క ఒక కొమ్మలో తనంతట తను తీగ గుణం తెచ్చుకుంటే దాన్నుంచి తీసినవి. అలాంటివి చిన్నప్పుడు మరీ కింద దాకా కొట్టేస్తే తిరిగి పొదలాగా అయిపోవడం కూడా ఉంది. మీది ఇంకా పదడుగులు పెరుగుతోంది కాబట్టి ఆ భయం లేదు. మొదటేడు కత్తిరించకుండానే ఆరేడు పూసింది, వాసన కూడా ఉంది, అంటే మొక్కలో సరుకుంది. ఇప్పుడు వంచి కడితే ఈ చలికాలంలోనే కొన్ని పూలు రావచ్చు, అసలు సంగతి తెలిసేది వచ్చే ఏడు.

ఇప్పుడు మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది, డబ్బు గురించి కాదు అంటున్నది.

మొదటిది, మామగారికి నేరుగా చెప్పి ఈ ఏడు ఆ మొక్కని ఎవరూ ముట్టుకోకుండా ఆపడం. మొక్కకి ఇది మంచిదే. కానీ "ముట్టుకోవద్దు" అంటే మూడేళ్లుగా ఆయన చేసిందంతా తప్పు అని చెప్పినట్టే వినపడుతుంది, అదీ కాలనీ అంతా మెచ్చుకునే మనిషికి, అదీ మీ అత్తగారు పోయాక తోటలో పడి నెట్టుకొస్తున్న మనిషికి. పైకి ఏమీ అనకపోవచ్చు. మిగతా ఎనిమిదింటి దగ్గరికి కూడా వెళ్లడం మానేస్తే అది మీకు ఇంకా కష్టం.

రెండోది, మీవారితో చెప్పించడం. నన్నడిగితే ఇది అన్నిటికంటే పనికిరాని దారి. ఆయన చెప్పనని ముందే చెప్పేశారు, బలవంతం మీద చెప్తే "కోడలు కంప్లైంట్ చేసింది" అన్నట్టు వెళ్తుంది, గులాబీ విషయం కాస్తా ఇంటి విషయం అయిపోతుంది.

మూడోది, ఆయన చేతనే చేయించడం. నాకైతే ఇది సాగేలా కనిపిస్తోంది, ఎందుకంటే తీగ గులాబీకి కత్తెర పని లేకపోలేదు, చాలా ఉంది, కాకపోతే వేరే చోట. ఎండు కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నగా పీలగా ఉన్నవి, ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి మొదట్లోకి తీసెయ్యాలి. బలమైన నాలుగైదు పొడుగు కొమ్మలు మాత్రం ఉంచుకోవాలి. వాటికి ఇప్పటికే పక్క కొమ్మలుంటే వాటిని రెండు మూడు కళ్లు ఉంచి కత్తిరించాలి. పూసి వాడిపోయినవి కూడా ఎప్పటికప్పుడు అలాగే, మళ్లీ మళ్లీ పూసే రకమైతే ఇంకో ఆరేడు వారాల్లో తిరిగి పూస్తుంది. ఎండు తెగులు, అదే డైబ్యాక్ అంటారే, కోసిన చోట నల్లబడి కిందకి దిగేది, అది కనపడితే లోపల బెండు తెల్లగా కనిపించేదాకా కోసి, ఆ కోతలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్లలో ముద్దలా కలిపి పూయాలి. ఇదంతా ఎవరు చెయ్యగలరు? ఇంట్లో చెయ్యి తిరిగిన మనిషి ఆయనే.

అడిగే తీరు కూడా ముఖ్యం. శనివారమే, కత్తెర చేతిలోకి తీసుకోకముందే, కాఫీ ఇచ్చేటప్పుడు, "మామయ్యా, ఈ మొక్క మిగతా వాటిలాంటిది కాదంట, కొమ్మలు అడ్డంగా వంచి కడితే పొడుగునా పూస్తుందంట, నాకొక్కదానికి చేతకాదు, మీరు పక్కనుంటే ఈ ఏడు చేసి చూద్దామా" అని అడగండి. మూడేళ్ల సంగతి ఎత్తకండి. ఆయన అంతగా నమ్మకపోతే సగం సగం ఒప్పందం కుదుర్చుకోండి, మూడు కొమ్మలు కట్టడం, మిగతావి ఆయన ఇష్టప్రకారం కొట్టడం. జనవరికి ఏ సగం పూసిందో ఆయన కళ్లతోనే చూస్తారు, హెడ్మాస్టర్లకి రిజల్ట్ చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు. కానీ ఇందులో మీరు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ దారిలో వెళ్తే మొక్క పూస్తుంది గానీ అది ఆయన మొక్క అయిపోతుంది. వచ్చే ఏడు కాలనీ వాళ్లకి ఆయనే చూపిస్తారు, "వంచి కట్టాలి" అని ఆయనే పాఠం చెప్తారు, మీ పేరు రాకపోవచ్చు. దానికి మీరు సిద్ధమేనా?

ఇక్కడే మీ చివరి వాక్యం గుర్తొచ్చింది. మీకు కావలసింది గోడ నిండా పూలా, లేక మీదంటూ ఒక మొక్కా? రెండూ కావాలంటారు, తప్పేం లేదు, కానీ రెండూ ఒక్క మొక్కతోనే రావాలని లేదు. అందుకే నాలుగో దారి, ఇది మిగతా ఏ దారిలో వెళ్లినా పక్కన చేసుకోవాల్సిందే, అంటు తొక్కడం. తీగ గులాబీకి ఇంత తేలికైన పద్ధతి ఇంకోటి లేదు. నేలకి దగ్గరగా ఉన్న ఒక కొమ్మని వంచి, మధ్యలో ఒక కంటి కింద తొక్క మీద చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని మూడు నాలుగు అంగుళాల లోతు మట్టిలో పెట్టి పైన ఇటుక పెట్టండి, కొస బయటికి నిలబడి ఉండాలి. మట్టి ఆరిపోకుండా చూసుకుంటే రెండు మూడు నెలల్లో వేళ్లు వస్తాయి, గట్టిగా పట్టుకుందని తెలిశాక తల్లి నుంచి కోసి వేరు చేసుకోండి. అది సొంత వేరు మీద ఉన్న మొక్క, కింద అడవి వేరు గొడవే ఉండదు, కాకపోతే మొదట్లో నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని మేడ మీదకి తీసుకెళ్లి కనీసం ఇరవై అంగుళాల కుండీలో పెట్టి రెయిలింగ్ పొడుగునా అడ్డంగా కట్టుకోండి. అది పూర్తిగా మీది, ఎవరినీ అడగక్కర్లేదు. ఖర్చేంటంటే మే నెలలో మేడ మీద కుండీకి రోజూ పొద్దున, ఒక్కోసారి సాయంత్రం కూడా నీళ్లు మొయ్యాలి, ఊరెళ్తే ఎవరికో అప్పజెప్పాలి, నేలలో ఉన్నంత ఎత్తుకి పెరగదు కూడా.

ఐదోది పీకెయ్యడం. మీవారు కాగితం పూల చెట్టు పెట్టుకోమన్నారు, పాపం ఆయన దాని ముళ్లు చూసి ఉండరు. పట్టుచీర గొడవకి అది మందు కాదు, గులాబీ కంటే అదే ఎక్కువ చింపుతుంది. ముళ్ల బెడద అంతగా లేని తీగే కావాలంటే రాధామనోహరం ఉంది, సాయంత్రం వాసన, ఎండకి తట్టుకుంటుంది, కానీ దాని జోరుకి ఏడాదిలో గోడ కనపడదు, కత్తెర ఆపే పనే ఉండదు, మీ మామగారికి మాత్రం పండగ. మొక్క తవ్వి చోటు మార్చడం అనే ఆలోచన కూడా మీ ఉత్తరంలో ఓ మూల ఉంది. నాలుగేళ్ల వేరు, చలి మొదలయ్యాక పెద్ద మట్టి గడ్డతో తవ్వితే బతకొచ్చు, కానీ తవ్వేముందు కొమ్మలన్నీ కొట్టెయ్యాలి, అంటే మళ్లీ మొదటికే, ఇంకో రెండేళ్లు. చోటు మరీ చెడ్డదైతే తప్ప నేను ఆ పని చెయ్యను.

పక్కింటి సంగతి. వాస్తు గురించి నాకు తెలీదు, ముల్లు గురించి తెలుసు, ఆవిడ చీర చిరిగింది నిజం, అక్కడ మీరు వాదించడానికేం లేదు. ఇన్నాళ్లూ ఆ కొమ్మలు అటు పోవడానికి కారణం వాటిని ఇటు ఎవరూ కట్టకపోవడమే. గోడ లోపలి వైపు ఇనుప యాంగిల్స్ బిగించి, గోడ కంటే రెండడుగులు పైకి లేచేలా పెట్టి, అడుగున్నర ఎడంతో 12 గేజ్ జీఐ వైరు అడ్డంగా లాగండి, వైరుకీ గోడకీ మధ్య మూడు నాలుగు అంగుళాల సందు ఉండాలి. ఆ సందు లేకపోతే గాలి ఆడక చలికాలం బూడిద తెగులు, ఎండాకాలం గోడ వేడికి ఎర్ర నల్లి, రెండూ వస్తాయి. కొమ్మల్ని వైరుకి ఇంటి వైపే కట్టాలి, వైరు వెనకాల దూర్చి అల్లకండి, తర్వాత తియ్యాలంటే ప్రాణం పోతుంది. పై వైరు దాటిన ప్రతి కొసనీ వారానికోసారి చూసి వంచి కట్టాలి, వానాకాలంలో ఇది తప్పదు. గోడ పైన రెండడుగుల పూలు ఆవిడకి కూడా కనిపిస్తాయి, ఆ రోజు వాస్తు కొంచెం సర్దుకోవచ్చు. ముందు మాత్రం మీరే వెళ్లి, ఇకనుంచి అటు రాకుండా కడుతున్నాం, ఎప్పుడైనా వస్తే మొహమాటం లేకుండా కోసెయ్యండి అని చెప్పి రండి, చెప్పకపోయినా ఆవిడ కోస్తుంది, మీరే చెప్తే గొడవ ఉండదు.

కట్టేటప్పుడు ముదురు గోధుమరంగు కొమ్మలతో తొందరపడకండి, పుటుక్కున విరుగుతాయి. ముందు రోజు మొక్కకి బాగా నీళ్లు పెట్టి, ఒకేసారి పూర్తిగా అడ్డంగా కాకుండా, మొదటి రోజు ఏటవాలుగా, వారం తర్వాత ఇంకొంచెం, అలా రెండు మూడు వారాల్లో దించండి. విసనకర్రలాగా రెండు వైపులా పరుచుకుంటూ రావాలి. బైండింగ్ వైరు వాడొద్దు, కొమ్మ లావెక్కితే కోసుకుపోతుంది, పాత కాటన్ చీర చింపి పేలికలు చేసుకుని, ఎనిమిది అంకెలాగా మెలిపెట్టి వదులుగా కట్టండి. చేతులకి మందపాటి గ్లౌజులు, కళ్లద్దాలు ఉంటే ఇంకా మంచిది, వంచిన కొమ్మ చెయ్యి జారితే సరిగ్గా మొహం మీదకే వస్తుంది.

ఎరువులు. యూరియా వెంటనే ఆపండి, నిగనిగలాడే ఆకులు దాని పనే, నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదే పోతుంది, పైగా ఆ లేత చిగుళ్లకి పేనుబంక ముందు పడుతుంది. బియ్యం నీళ్లు, అరటి తొక్కల నీళ్లు పోసుకోండి, నష్టం లేదు, కానీ వాటితో పూలు రావు, ఆ వీడియోల్లో పూసిన మొక్కలకి వెనకాల ఇంకేదో వేసే ఉంటారు. టీ పొడి పాలూ చక్కెరా పోయేలా కడిగితేనే వెయ్యండి, లేకపోతే చీమలు. కత్తిరింపు, కట్టడం అయ్యి కొత్త కళ్లు ఉబ్బడం మొదలయ్యాక, మొదలుకి అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి నాలుగైదు కిలోల బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో, రెండు గుప్పెళ్ల వేప పిండి, ఒక గుప్పెడు ఎముకల పొడి వేసి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. ప్రస్తుతానికి చాలు.

కొమ్మలు ఏళ్ల తరబడి ఉంచడంలో ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పాలి, మామగారు అడిగితే మీ దగ్గర జవాబుండాలి. ఏటా కొట్టేసే మొక్కకి కాండం మీద పొలుసు పురుగు పేరుకునే టైముండదు, పాత కొమ్మలు ఉంచితే ఎర్రగా తామర పట్టినట్టు పొలుసులు కనిపించొచ్చు. పాత టూత్ బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి రుద్దెయ్యండి, తర్వాత లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బు, సాయంత్రం పూట స్ప్రే. ఇంకా పోకపోతే ఆ కొమ్మనే తీసెయ్యండి. ఎలాగూ మూడు నాలుగేళ్లు దాటి నీరసపడిన కొమ్మని ఏడాదికొకటి చొప్పున మొదట్లోకి తీసేసి, దాని చోటులో కొత్త కొమ్మని వంచి కట్టుకుంటూ పోవాలి. చూశారా, ఆయన కత్తెరకి ఏటా పనుంది.

కొత్త మొక్కే కొనాల్సి వస్తే ఒక్క మాట. ఫోటోల్లో ఇంగ్లండు ఇళ్ల మీద పాకే తీగ గులాబీలు చాలామటుకు చలి దేశాలకి తయారు చేసినవి, ఏడాదికోసారి పూసే రాంబ్లర్ రకాలైతే మన మైదానాల్లో మరీ కష్టం. వేడికి తట్టుకునేవి కావాలని మన దేశంలోనే పనిచేసినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌లో ఐఏఎస్‌గా చేసి, తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్.వీరరాఘవన్ గారు మణిపూర్ కొండల్లో పెరిగే రోజా జైగాంటియా అనే పెద్ద తీగ గులాబీతో కలిపి వెచ్చటి ప్రాంతాలకి పనికొచ్చే రకాలు చేశారు, వాటిలో ఒకదాని పేరు గోల్డెన్ త్రెషోల్డ్, మన హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు గారి ఇంటి పేరు కూడా అదే. ఇలాంటివి మామూలు నర్సరీలో అడిగితే దొరకవు, వెతకాలి. దొరక్కపోతే ఫోటో చూసి కాకుండా, మన ఊళ్లోనే ఎవరింటి గోడ మీదో పూస్తూ కనిపించిన మొక్క నుంచి ఓ కొమ్మ అడిగి తెచ్చుకోండి.

ఆదివారమే తీగ గులాబీని కత్తిరించాల్సిన తొందరేం లేదని మామగారికి చెప్పొచ్చు, పొద మొక్కలు ఎనిమిదీ ఆయన అనుకున్నట్టే కత్తిరించుకోనివ్వండి, అవి ఆగకూడదు. తీగ గులాబీకి వైరు లాగే పని అయ్యేదాకా నవంబరు సగం వరకూ ఆగినా నష్టం లేదు, ఆ నెపం మీదే కత్తెర ఒక వారం తప్పించొచ్చు. ఈలోపు మొదట్లో మట్టి తీసి అంటు ముడి, ఆ లేత కొమ్మ రెండూ కనిపించేలా దగ్గరగా ఒక ఫోటో తీసి పంపండి, పీకాలో ఉంచాలో అనుమానంగా ఉంటే చూసి చెప్తా.